అంగన్‌వాడీ టీచరుకు ఏటేటా శిక్షణ: పంచాయతీ సభ్యులు ఎరుగవలసిన సంగతులు

నల్లగొండ నుండి నాగార్జునసాగరమునకు పోవు త్రోవలో పెద్దవూర కలదు. అచ్చటికి కొలది దూరముననే 1955వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ సాగరు ఆనకట్టకు శంకుస్థాపన గావించిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఆ ఆనకట్ట కట్టుటకు, ఆ కాలువలు త్రవ్వుటకు ఎన్ని ఏండ్లు పట్టెనో, ఎందరు కూలీలు చెమటోడ్చిరో ఈ ప్రాంతపు వృద్ధులు నేటికిని చెప్పుదురు. కాని కాలువను ఒక్కమారు త్రవ్వినంత మాత్రమున చివరి మడికి నీరందదని కూడ వారెరుగుదురు. ఏటేటా పూడిక తీయవలెను. గట్లు సరిచూడవలెను. తూములు బాగుచేయవలెను. ఒక యేడు ఆ పని మానినచో ఎగువ రైతునకు లోటు తెలియకపోవచ్చును గాని, దిగువ రైతు పొలము మాత్రము ఎండును.

పసిపిల్లల సంరక్షణకై నియమింపబడిన కార్యకర్తల శిక్షణయు సరిగా ఇట్టిదే. నియామకమైన తొలినాళ్ళలో ఒకమారు శిక్షణ ఇచ్చి, ఇక అంతటితో ముగిసినదని తలచినచో, ఆ లోటు మొదట ఎవ్వరికిని కానరాదు. కేంద్రము తెరచియే యుండును. అన్నము వండబడుచునే యుండును. రిజిస్టరు నిండుచునే యుండును. కాని ఊరికి దూరముగానున్న తండాలోని బలహీనమైన బిడ్డకు అందవలసిన మేలు అందకపోవును. అందువలన ఈ శిక్షణ ఏమి, ఎన్నాళ్ళు, అందు పంచాయతీకి గల పని యేమి అను విషయములను సభ్యుల యెదుట ఉంచదలచితిమి.

ఈ ఏర్పాటు ఎట్లు వచ్చినది

పల్లెలలోని పసిపిల్లలకు బడి అవసరమను తలపు మన దేశమున కొత్తది కాదు. 1945లో శ్రీమతి తారాబాయి మోడక్ బొంబాయి రాష్ట్రములోని బోర్డీ గ్రామమున, శ్రీమతి అనుతాయి వాఘ్ తోడ్పాటుతో, గ్రామీణ బాలల కొరకు బాలవాడిని ప్రారంభించిరి. పేదల పిల్లలు బడికి రాకుండుట చూచి, బడినే వారి వాకిళ్ళకు తీసికొని పోయిరి. వాకిటి బడి అను అర్థము గల అంగన్‌వాడీ అను మాటకు మూలమిదియే. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ఏర్పడినది. దానికి తొలి అధ్యక్షురాలు మన తెలుగు బిడ్డయైన శ్రీమతి దుర్గాబాయి దేశ్‌ముఖ్. ఆ మండలి సహాయమున దేశమంతట పల్లెలలో బాలవాడులు వెలసినవి.

బాలవాడులు పెరిగిన కొలది వానిని నడపువారికి తర్ఫీదు కావలసివచ్చినది. మూడవ పంచవర్ష ప్రణాళికా కాలమున బాలసేవికల శిక్షణ దేశవ్యాప్తముగ చేపట్టబడినది. పిల్లలను ప్రేమించు మనసు ఒక్కటియే చాలదనియు, ఆ పనికి విద్య కావలెననియు ప్రభుత్వము ఆనాడే గుర్తించినది. తరువాత 1975 అక్టోబరు 2వ తేదీన, గాంధీజీ జయంతి దినమున, సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము దేశమునందు 33 ప్రాజెక్టులలో ప్రారంభమైనది. నేడు మన తెలంగాణములోనే సుమారు 35,700 అంగన్‌వాడీ కేంద్రములు కలవు.

ఈ కేంద్రముల పని అన్నము పెట్టుట యొక్కటియే కాదు. అనుపూరక పోషకాహారము, బడికి ముందరి విద్య, తల్లులకు ఆరోగ్య పోషణ బోధ, టీకాలు, ఆరోగ్య పరీక్షలు, అవసరమైన బిడ్డను ఆసుపత్రికి పంపుట అను ఆరు సేవలు వీనికి అప్పగింపబడినవి. 2015 జనవరి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన ఆరోగ్యలక్ష్మి పథకము క్రింద గర్భిణులకు, బాలింతలకు కేంద్రముననే ఒక పూట పూర్తి భోజనము, గ్రుడ్డు, పాలు ఇచ్చు బాధ్యతయు దీనికి చేరినది. ఇన్ని పనులు చేయు టీచరుకు ఎంత తెలిసియుండవలెనో సభ్యులు ఊహింపగలరు.

శిక్షణ ఎన్ని విధములు

సమగ్ర శిశు అభివృద్ధి పథకమున దీర్ఘకాలము నడచిన పద్ధతి యిది. కొత్తగా నియమింపబడిన కార్యకర్తకు ఉద్యోగ శిక్షణ ఇయ్యబడుచుండెను. మొదట నెలల తరబడి సాగిన ఈ శిక్షణ తరువాత 26 పని దినములకు కుదింపబడినది. అటు పిమ్మట రెండేండ్ల కొకమారు 5 దినముల పునశ్చరణ శిక్షణ నిర్ణయింపబడినది. కేంద్రమున వంటకు, శుభ్రతకు తోడ్పడు ఆయాకు కూడ 5 దినముల పరిచయ శిక్షణ, ఆ మీద పునశ్చరణ ఏర్పాటు చేయబడినవి. ఆయాకు శిక్షణ యేల యని కొందరు అడుగుదురు. బిడ్డ చేయి కడుగునది, అన్నము కలిపి పెట్టునది, ఏడ్చిన బిడ్డను ఎత్తుకొనునది ఆమెయే గదా!

2018 మార్చి 8వ తేదీన పోషణ అభియానము ప్రారంభమైన తరువాత మరియొక పద్ధతి వచ్చినది. అన్ని సంగతులను ఒక్కమారుగ బోధింపక, 21 పాఠములుగ విభజించి, నెల కొక పాఠము చొప్పున సెక్టారు సమావేశములందు సూపర్‌వైజరు బోధించుట ఇందలి విశేషము. ఈ నెల నేర్చినదానిని టీచరు తన ఊరిలో ఆచరించి చూచి, వచ్చు నెల అనుభవము చెప్పవలెను. పని చేయుచు నేర్చుకొనుటకు ఇది మంచి మార్గము.

2023 మే 10వ తేదీన కేంద్ర ప్రభుత్వము పోషణతో పాటు చదువు అను ఆశయముతో ‘పోషణ్ భీ పఢాయీ భీ’ కార్యక్రమమును ప్రారంభించినది. దీని క్రింద మొదట రాష్ట్ర స్థాయి శిక్షకులకు 2 దినములు, వారి ద్వారా అంగన్‌వాడీ కార్యకర్తలకు 3 దినములు శిక్షణ ఏర్పాటైనది. దీనికి ఆధారముగ రెండు గ్రంథములు 2024లో వెలువడినవి. పుట్టుక మొదలు 3 ఏండ్ల వరకు బిడ్డతో తల్లి, తండ్రి, టీచరు ఎట్లు మెలగవలెనో తెలుపునది ‘నవచేతన’. 3 మొదలు 6 ఏండ్ల వయసు వారికి ఆటపాటలతో కూడిన 48 వారముల బోధన క్రమము ‘ఆధారశిల’. వారమునకు 5 దినములు కొత్త కృత్యములు, 1 దినము వానినే మరల చేయించుట అందలి పద్ధతి.

ఇంతకు ముందే 2020 జాతీయ విద్యావిధానము మరియొక మాట చెప్పినది. ఇంటర్మీడియట్, అంతకు పైబడి చదివిన కార్యకర్తలకు 6 నెలల సర్టిఫికెట్ కోర్సు, అంతకంటె తక్కువ చదివినవారికి ఒక సంవత్సరము డిప్లొమా కోర్సు ఇయ్యవలెననియు, కేంద్రమునకు ఆటంకము కలుగని రీతిని టెలివిజను ద్వారా, చేతి ఫోను ద్వారా వానిని నడపవలెననియు అందు సూచింపబడినది. ఆరేండ్లు నిండక మునుపే బిడ్డ మెదడు ఎదుగుదలలో 85 శాతమునకు పైగా జరిగిపోవునని ఆ విధానమే పేర్కొన్నది. ఒకటవ తరగతి వరకు వేచియుండువారు ఎంత కాలమును పోగొట్టుకొనుచున్నారో దీనినిబట్టి తెలియగలదు.

ఇతర దేశముల వైపు చూచిన, అమెరికాలో 1965లో పేద బాలల కొరకు ప్రారంభమైన ‘హెడ్ స్టార్ట్’ అను కార్యక్రమమున పని చేయువారు సంవత్సరమునకు కనీసము 15 గంటల శిక్షణ పొందవలెనను నియమము కలదు. మన ఏర్పాటు గంటల లెక్కపై గాక దినముల పైన, నెలవారీ పాఠముల పైన నిలిచియున్నది. పద్ధతి ఏదైనను సూత్రము మాత్రము ఒక్కటియే: చిన్న బిడ్డలను పెంచువారు నేర్చుకొనుట మానరాదు.

ఒకమారు నేర్చినది ఏల చాలదు

ముప్పది యేండ్లుగ పిల్లలను పెంచుచున్న టీచరుకు క్రొత్తగ నేర్చుకొనవలసినది ఏముండునని కొందరు సభ్యులకు తోచవచ్చును. ఆమె అనుభవము విలువైనదే. కాని ఆమె పట్టుకొనిన పనిముట్లు మారుచున్నవి. పిల్లల ఎదుగుదలకు సంబంధించిన కొత్త ప్రమాణములను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రకటింపగా, మన అంగన్‌వాడీలు వానిని 2008లో స్వీకరించినవి. అంతకు ముందు శిక్షణ పొందిన కార్యకర్త పాత పటముపై గీత గీయ నేర్చినది. కొత్త పటమున అదే బరువు గల బిడ్డ వేరొక వర్గములోనికి వచ్చును. 2021 నుండి కాగితపు రిజిస్టర్ల స్థానమున పోషణ్ ట్రాకర్ అను ఫోను విధానము వచ్చినది. 2023లో పోషకాహార లోపము గల పిల్లల సంరక్షణకు కొత్త నియమావళియు, దివ్యాంగ బాలల కొరకు ప్రత్యేక నియమావళియు వెలువడినవి. పునశ్చరణ లేనిచో ఇవన్నియు ఫోను తెరపై మెదలు అక్షరములుగనే మిగులును.

ఒకటి రెండు దృష్టాంతములు చూతము. రెండేండ్ల లోపు బిడ్డ పొడవును పరుండబెట్టి కొలువవలెను. రెండేండ్లు దాటిన బిడ్డను నిలువబెట్టి కొలువవలెను. ఒకే బిడ్డను నిలువబెట్టి కొలిచిన, పరుండబెట్టి కొలిచినదానికంటె సుమారు 0.7 సెంటీమీటరు తక్కువ వచ్చును. ఈ భేదము తెలియని చేతులలో, బాగుగనున్న బిడ్డ గిడసబారిన బిడ్డగను, గిడసబారిన బిడ్డ బాగుగనున్నట్లును లెక్కకెక్కవచ్చును. 6 నెలల నుండి 5 ఏండ్ల లోపు బిడ్డ దండ చుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తక్కువైనచో అది తీవ్రమైన పోషణ లోపము. రెండు పాదముల వాపు కూడ అట్టి సూచనయే. ఆ వాపును చూచి బిడ్డ ఒళ్ళు చేసినదని మురియు తల్లులుందురు. ఆ బిడ్డను ఇంటికి గాక ఆసుపత్రికి పంపవలెనని చెప్పవలసినది టీచరే. ఇచ్చట పొరపాటునకు వెల ప్రాణము.

నీళ్ళ విరేచనములు పట్టుకొనిన బిడ్డకు ఉప్పు పంచదారల పొట్లము నీటిలో కలిపి త్రాగించుటతో పాటు 14 దినములు జింకు మాత్రలు ఇయ్యవలెను. విరేచనములు తగ్గినవని మూడవ నాడే మాత్రలు మానరాదు. ఆరు నెలలు నిండువరకు బిడ్డకు తల్లిపాలు తప్ప నీరు కూడ ఇయ్యనక్కరలేదు. ఆరు నెలలు నిండగనే మెత్తని ఆహారము ఆరంభింపవలెను. అన్నప్రాశనము చేసి, పాలబువ్వ ఒక్కమారు నాకించి, మరల ఏడాది వరకు పాలపైననే పెంచు ఇండ్లు నేటికిని కలవు. అట్టి ఇంటికి పోయి, అత్తగారికి కోపము రాకుండ చెప్పి ఒప్పించుట కూడ ఒక విద్య. అదియును శిక్షణలోనే అలవడును.

నల్లగొండ జిల్లా వారికి మరియొక సంగతి ముఖ్యము. ఈ జిల్లా భూగర్భ జలములలోని ఫ్లోరైడు వలన తరతరములు నష్టపడినవి. పళ్ళు గారపట్టుటయు, ఎముకలు వంగుటయు మన కన్నుల యెదుటనే జరిగినవి. త్రాగు నీట లీటరునకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదు. చిగురు లోపల శాశ్వత దంతములు రూపొందుచుండు పసితనముననే దీని హాని ఎక్కువ. నీటిని కాచినచో అన్ని దోషములును పోవునని పలువురి నమ్మకము. కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది అది మరింత చిక్కబడును. కావున కేంద్రమునకు ఏ నీరు వచ్చుచున్నది, కుళాయి నిలిచిన దినమున ఆయా ఏ బోరు నీరు తెచ్చి వండుచున్నది అను ప్రశ్న టీచరుకును, పంచాయతీకిని సమానముగ చెందును.

తండా బిడ్డ భాష

పెద్దవూర మండలమున తండాలు అనేకము కలవు. తండాలో పుట్టిన బిడ్డ ఇంట లంబాడీ మాటలాడును. మూడేండ్ల వయసున కేంద్రమునకు వచ్చినపుడు ఒక్కమారుగ తెలుగు మాత్రమే వినబడినచో ఆ బిడ్డ మూగయై కూర్చుండును. అది తెలివి తక్కువ కాదు. ఇంటి భాషతో ఆరంభించి, బడి భాషకు మెల్లగ నడిపింపవలెనని నేటి విద్యావిధానము చెప్పుచున్నది. తండాకు చెందిన టీచరుకు ఇది సులభము. ఇతరులైనచో బిడ్డ తల్లి వద్ద పది మాటలు, రెండు పాటలు నేర్చుకొనిన చాలును. పప్పును, నీటిని, అమ్మను బిడ్డ తన మాటలో పిలిచినపుడు టీచరు నవ్వి, దానినే తెలుగున మరల చెప్పినచో రెండు భాషలును బిడ్డవే యగును. ఇట్టి సూక్ష్మములు పుస్తకమున చదివిన రావు. తోటివారితో కలసి, చేసి చూచి నేర్వవలెను. శిక్షణా శిబిరముల ముఖ్య ప్రయోజనమిదియే.

పంచాయతీ చేయదగిన పనులు

ఈ విషయము శాఖాధికారులది గదా, మాకేల యని సభ్యులు తలపరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పదునొకండవ షెడ్యూలున చేర్చినది. అందు స్త్రీ శిశు అభివృద్ధి ఒకటి. 2011లో కేంద్ర ప్రభుత్వము ప్రతి అంగన్‌వాడీకి ఒక పర్యవేక్షణ తోడ్పాటు కమిటీ ఉండవలెననియు, దానికి వార్డు సభ్యులలో ఒకరు, వీలైనంతవరకు మహిళా సభ్యురాలు, అధ్యక్షత వహింపవలెననియు సూచించినది. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టము వచ్చిన పిమ్మట అనేక తండాలు స్వయముగ గ్రామ పంచాయతీలైనవి. కావున తమ బిడ్డల సంగతి తామే చూచుకొను అవకాశము తండా పెద్దలకు నేడు కలిగినది. ఈ క్రింది పనులకు పెద్ద ఖర్చు అక్కరలేదు.

మొదటిది, తెలిసికొనుట. మీ గ్రామములోని టీచరు, ఆయా ఎప్పుడు కడసారి శిక్షణ పొందిరి, అది ఎన్ని దినములు జరిగినది అని అడిగి ఒక పుస్తకమున వ్రాసికొనుడు. రెండేండ్లు దాటినచో సూపర్‌వైజరు ద్వారా ప్రాజెక్టు అధికారికి పంచాయతీ పేర ఉత్తరము వ్రాయుడు. పోస్టు ఖాళీగానున్నచో దానిని కూడ అందే తెలుపుడు. లేని టీచరుకు ఎవరును శిక్షణ ఇయ్యజాలరు.

రెండవది, శిక్షణ దినములలో కేంద్రము మూతపడకుండ చూచుట. టీచరు శిక్షణకు పోయిన మూడు దినములు అన్నము ఆగినచో, కూలికి పోవు తల్లి బిడ్డను చేనుగట్టునకు తీసికొనిపోవును. టీచరును, ఆయాను ఒకే మారు పంపకుండ వేరువేరు జట్లలో పంపుమని ముందుగనే కోరవలెను. మహిళా సంఘ సభ్యురాలొకరు ఆ దినములలో ఆయాకు తోడుగ నుండునట్లు ఏర్పాటు చేయవచ్చును.

మూడవది, టీచరుకు దారి సుగమము చేయుట. ఆమె కూడ ఒక ఇంటి ఇల్లాలు. పసిబిడ్డ తల్లి కావచ్చును. శిక్షణా స్థలము దూరమైనచో ప్రయాణపు ఇబ్బందులు, ఇంటివారి అభ్యంతరములు ఉండును. గ్రామ పెద్దయొకరు ఆ ఇంటికి పోయి, ఇది ఊరి పనియని చెప్పినచో ఆ అభ్యంతరము తొలగును.

నాల్గవది, తిరిగి వచ్చిన తరువాత వినుట. దీనిని మేము అన్నిటికంటె ముఖ్యమైనదిగ భావింతుము. శిక్షణ నుండి వచ్చిన పిమ్మట జరుగు గ్రామసభలో టీచరుకు పది నిమిషములు ఇయ్యుడు. ఆమె నేర్చినదానిని ఉపన్యసింపక, చేసి చూపవలెను. ఒక బిడ్డను తూచి, పొడవు కొలిచి, గీత ఎట్లున్నదో తల్లులకు చూపవలెను. ఒక ఆట ఆడించవలెను. ఊరు చూచుచున్నదని తెలిసినచో ఆమె శ్రద్ధగ నేర్చుకొని వచ్చును. ఊరును ఆమెను గౌరవించును.

ఐదవది, నేర్చినదానిని ఆచరించుటకు వస్తువులు సమకూర్చుట. తూకపు యంత్రము చదునైన నేలపై నున్నగాని సరియైన బరువు చూపదు. పగిలిన గచ్చుపై ఎంత శిక్షణ పొందిన చేతులైనను తప్పే కొలుచును. చేతులు కడుగు నేర్పుటకు నీరు, సబ్బు కావలెను. ఆటలకు తాటాకు బొమ్మలు, మట్టి పాత్రలు, చెక్క దిమ్మెలు ఊరిలోనే చేయింపవచ్చును. అయితే బఠాణీ గింజలు, గోళీలు వంటి చిన్న వస్తువులు మూడేండ్ల లోపు పిల్లలకు అందనీయరాదు. అవి గొంతున అడ్డుపడును.

ఆరవది, టీచరు సమయమును కాపాడుట. కేంద్రమునకు సంబంధించని లెక్కలకు, సర్వేలకు, సభలకు జనమును పోగుచేయుటకు ఆమెను పిలుచు అలవాటు మానుకొనవలెను. శిక్షణలో నేర్చిన 48 వారముల క్రమము ఇట్టి పిలుపులతోనే చెడిపోవును.

గౌరవముతో కూడిన నియమము

శిక్షణను కోరునపుడు ఆ కార్యకర్తల స్థితిని మరువరాదు. వారు జీతముగాక గౌరవ వేతనము పొందువారు. 2022 ఏప్రిల్ 25వ తేదీన సుప్రీంకోర్టు అంగన్‌వాడీ కార్యకర్తలు, సహాయకులు గ్రాట్యుటీకి అర్హులని తీర్పు చెప్పుచు, వారు చేయు పని ఎంత బరువైనదో వివరించినది. న్యాయస్థానము గుర్తించిన ఆ బరువును గ్రామము కూడ గుర్తింపవలెను. శిక్షణ అనగా తప్పులు పట్టుటకై పెట్టిన పరీక్ష కాదు. ఆమె బరువును తేలిక చేయు సాధనము. మందలించి నేర్పినది మూడు దినములుండును. మన్నించి నేర్పినది మూడు తరములుండును.

పంచాయతీ సభ్యులారా! మీ ఊరి చెరువు తూము ఎవరు ఎప్పుడు బాగుచేసిరో మీరెరుగుదురు. వీధి దీపములెన్ని వెలుగుచున్నవో ఎరుగుదురు. మీ అంగన్‌వాడీ టీచరు కడసారి ఎప్పుడు శిక్షణకు పోయెనో, ఏమి నేర్చి వచ్చెనో కూడ ఎరుగుదురా? రాబోవు సమావేశపు అజెండాలో ఈ ఒక్క ప్రశ్నను చేర్చుడు. మొక్కై వంగనిది మానై వంగదని మన పెద్దలనిరి. ఆ మొక్కకు నీరుపోయు చేతికి నేర్పు నిలుపుట పంచాయతీ ధర్మము. ఏటేటా పూడిక తీసిన కాలువ వలె, ఏటేటా నేర్చుకొను టీచరు వలన చివరి తండాలోని చివరి బిడ్డకు కూడ తన వంతు అందును.